పెరట్లో ఎయిర్ గన్: గోడ అవతలి మామికి ఏం వినపడుతుంది?

మెరీనా బీచ్‌లో బుడగలు కాల్చే బోర్డు దగ్గర ఒకసారి ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. కాల్చొద్దు, వింటే చాలు. బుడగకి తగిలితే 'ఫట్'మంటుంది, పక్కనున్న పిల్లలు ఉలిక్కిపడతారు. గురి తప్పితే వెనక చెక్కకి తగిలి 'టక్'మంటుంది. ఈ రెండూ తీసేసి తుపాకీ చప్పుడొక్కటే విందామంటే అలల హోరులో సరిగ్గా దొరకదు కూడా. ఇంటికొచ్చి "అబ్బ, ఎంత సౌండో" అని మనం చెప్పుకునేది బుడగ గురించే.

పెరట్లో ఎయిర్ రైఫిల్ కాలిస్తే ఎంత చప్పుడొస్తుందని ఎవరడిగినా నేను ముందు ఈ బుడగ సంగతే చెప్తాను. ఎందుకంటే నేనూ మొదట్లో తుపాకీ గురించే బెంగపడ్డాను. డబ్బు, టైము దాని మీదే పెట్టాను. చుట్టుపక్కల వాళ్లని విసిగించింది మాత్రం పెల్లెట్, అంటే ఎయిర్ గన్‌లో వేసే చిన్న గుండు, వెళ్లి తగిలే చోటు.

మాది నెల్లూరు. కాలేజీలో ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చాను. మొదటి రోజు చెవిలో మోగిన గుయ్‌మనే మోత హాస్టల్‌కి వచ్చి అన్నం తినేదాకా పోలేదు. పెళ్లయ్యాక మద్రాసు, బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. తుపాకీ మాటే మర్చిపోయాను. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ ఒకటి కొన్నాను, కాగితం మీద చుక్కలు కొట్టుకోడానికి. ఇల్లు కొరట్టూరులో. వెనక కొంచెం పెరడు, బావి, రెండు కొబ్బరి చెట్లు, గోడ అవతల మామి (మా తమిళ పొరుగావిడ) వాళ్ల ఇల్లు. మా ఆయన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లకి పైగా పనిచేశారు. అంత కాలం రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య గడిపిన మనిషికి ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో నాకంటే బాగా తెలుసు. ఈ పరీక్షలన్నిట్లో ఆయన చెవులే నా మీటరు.

ముందు తుపాకీ సంగతి చూద్దాం. .22 రైఫిల్ తూటాలో తుపాకీ మందు మండి గ్యాస్ ఒక్కసారిగా బయటికొస్తుంది. ఎయిర్ గన్‌లో మందు లేదు, గాలి ఒత్తిడే. అందుకే రెండింటి చప్పుడుకీ పోలికే లేదు. నా దగ్గరున్నది బ్యారెల్ మధ్యలో విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ గన్. బ్యారెల్ వంచినప్పుడు స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. బయట నిలబడి వింటే, లావుపాటి డిక్షనరీ బల్ల మీద పడేసినట్టుంటుంది. కానీ మీరు రైఫిల్ పట్టుకుని ఉంటే అంతకంటే చాలా ఎక్కువ వినిపిస్తుంది. దవడ రైఫిల్ చెక్కకి ఆనించి ఉంటుంది కదా, స్ప్రింగ్ అదురు ఎముక ద్వారా నేరుగా చెవిలోకి వస్తుంది. "ఇంత మోతా! వీధి వీధంతా వినపడి ఉంటుంది" అని మనం హడలిపోతాం. గేటు దగ్గర నిలబడ్డ మనిషేమో "కాల్చావా?" అని అడుగుతాడు.

గ్యాస్ పిస్టన్ రైఫిళ్లలో ఆ 'టొయ్‌య్' అదురు ఉండదు, ఒకే దెబ్బ. పీసీపీ అని, సిలిండర్‌లో ముందే చాలా ఎక్కువ ఒత్తిడితో (200 బార్ దాకా) గాలి నింపుకునే రకం ఇంకోటి ఉంది. పట్టుకున్న వాళ్లకి అది మెత్తగా, హాయిగా ఉంటుంది. కానీ గొట్టం కొసన గాలి ఒక్కసారిగా విడుదలవుతుంది కాబట్టి పవర్ పెరిగేకొద్దీ పక్కింటికి వినపడేది ఇదే. అంటే స్ప్రింగ్ గన్ కాల్చేవాళ్లని భయపెడుతుంది, గట్టి పీసీపీ పొరుగువాళ్లని భయపెడుతుంది. కొనేముందు షాపులో మీరు కాల్చి చూడ్డమే కాదు, షాపువాళ్లతో కాల్పించి ఓ పది అడుగుల పక్కకి వెళ్లి వినండి. నేనా పని చెయ్యలేదు, మీరు చెయ్యండి.

స్పీడు గురించి కూడా ఒక లెక్క చెప్పాలి, బ్యాంకు బుద్ధి పోదు కదా. పెల్లెట్ ధ్వని వేగాన్ని దాటితే గాల్లోనే చెళ్లున ఒక పగులు చప్పుడొస్తుంది. టార్గెట్ దగ్గర ఏం పెట్టినా అది ఆగదు. లైసెన్స్ అక్కర్లేని రైఫిల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకూడదు. మామూలు సీసం పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు. పూర్తి 20 జౌల్స్‌తో వదిలినా సెకనుకి 275 మీటర్లే వస్తుంది. చెన్నై ఎండలో, 35 డిగ్రీల దగ్గర, ధ్వని వేగం దాదాపు 352 మీటర్లు. అంటే సీసంతో ఆ గీత దాటలేం, నిశ్చింత. అదే 0.32 గ్రాముల తేలిక లోహపు పెల్లెట్ వేస్తే లెక్క 353కి వస్తుంది, సరిగ్గా గీత మీద! డబ్బా మీద పెద్ద పెద్ద స్పీడ్ అంకెలు వేసేది ఇలాంటి తేలిక పెల్లెట్లతో కొలిచే. పెరట్లోకి అవి వద్దు. బరువున్న, మొద్దు మూతి పెల్లెట్ తీసుకోండి.

అసలు కాగితం చిల్లు చెయ్యడానికి అంత స్పీడు ఎందుకు? 10 మీటర్ల పోటీల్లో వాడే రైఫిళ్లు సెకనుకి 175 మీటర్ల దరిదాపుల్లోనే వదులుతాయి. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. ఆయన పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాదులో. కాబట్టి ఆ పతకంలో మనలాంటి వాళ్లకి డబుల్ వాటా ఉందని మా ఆయన వాదన.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మొదటి వారం నేను ఖాళీ నెయ్యి డబ్బాలో పాత పేపర్లు కుక్కి గోడకి ఆనించి కాల్చాను. మూడో రోజు మామి పిట్టగోడ మీంచి తొంగి చూసి, "ఎన్న సత్తం అదు?" అన్నారు. ఏం చప్పుడమ్మా అది అని. రైఫిల్ చూపిస్తే ఆవిడ నమ్మలేదు. "అది కాదు, ఎవరో గరిటెతో డబ్బా కొడుతున్నట్టుంది" అన్నారు. ఆ మాటే మాకు దారి చూపింది.

మా ఆయన ఒక కాగితం, పెన్ను పట్టుకుని మామి వాళ్ల మెట్ల మీద కూర్చున్నారు, చప్పుడు వినపడినప్పుడల్లా ఒక గీత గీయడానికి. ఎప్పుడెప్పుడు కాలుస్తానో చెప్పకుండా నేను డబ్బాలోకి పది కాల్చాను. వచ్చి చూపిస్తే కాగితం మీద పది గీతలు. సెల్‌ఫోన్లో డెసిబెల్ యాప్ కూడా పెట్టి చూశాం కానీ దాన్ని నమ్మకండి. ఈ చప్పుడు కంటి రెప్పపాటు కూడా ఉండదు, ఫోన్ మైకు దాన్ని అందుకోలేదు. ఒకసారి రైఫిల్ కంటే కాకి అరుపుకే ఎక్కువ చూపించింది. మనిషిని కూర్చోబెట్టి గీతలు గీయించడమే మంచిది.

తర్వాత ఆయన పెట్టె చేశారు. ఇదొక్కటీ నిదానంగా చెప్తాను, మిగతావన్నీ దీని తర్వాతే. ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్కలతో అడుగున్నర పొడవు, అంతే ఎత్తు, అడుగు లోతు పెట్టె. ముందు వైపు తెరిచే ఉంటుంది. లోపల వెనక గోడకి 3 మిల్లీమీటర్ల ఇనప పలక. ఆ పలక మీదికి పెల్లెట్ నేరుగా వెళ్తే మళ్లీ 'టంగ్' తప్పదు కదా, అందుకే పలకకి ముందు కారు కింద వేసే పాత రబ్బరు మ్యాట్లు కోసి రెండు వరసలు పెట్టారు. ఆ ముందంతా పాత నూలు చీరలు, లుంగీలు. మడతలు పెట్టి, మోకాలితో తొక్కి, వేలు దూరనంత గట్టిగా కుక్కాలి. వదులుగా పెడితే పెల్లెట్ మడతల మధ్య దారి చేసుకుని పోతుంది. సిల్కు, పాలియెస్టర్ పనికిరావు, జారిపోతాయి. ముందు అట్టముక్క, దాని మీద టార్గెట్ కాగితం. గోనెసంచిలో ఇసుక పోస్తే సరిపోదా అంటారు కొందరు. చప్పుడు తక్కువే, కానీ నాలుగు రోజుల్లో చిల్లుపడి ఇసుక కారుతుంది, సీసం దుమ్ము కలిసి లేస్తుంది.

పెట్టె పూర్తయ్యాక మొదటి దెబ్బకి 'బొద్దు' అని దిండు మీద గుద్దినట్టు వినపడింది. నాకు పండగే. కానీ మెట్ల మీది కాగితంలో పదికి ఆరు గీతలు! చూస్తే పెట్టెని కాంపౌండ్ గోడకి ఆనించాం. దెబ్బ దెబ్బకీ గోడ డోలులా పనిచేస్తోంది. ఆయన పెట్టెని గోడకి రెండడుగులు ముందుకి జరిపి, కింద కొబ్బరిపీచు పరుపు ముక్క వేశారు. అప్పుడు మూడు గీతలు. "ఆ మూడూ కూడా నువ్వు కాలుస్తున్నావని నాకు తెలుసు కాబట్టి విన్నాను" అన్నారు. అక్కడితో పెట్టె పని ఆపేశాం.

వందల కొద్దీ కాల్చాక మధ్యలో గుడ్డ గుల్లవుతుంది. అప్పుడు ఇవతలి గుడ్డ అవతలికి మార్చాలి. విప్పినప్పుడు పెల్లెట్లు కందిపప్పు బద్దల్లా చప్పబడి రాలుతాయి. నేను చేతులకి గ్లౌజులు వేసుకుని, తడి గుడ్డతో తుడిచి, ఒక సీసాలో పోస్తాను. సీసం విషం. పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటి తీసి లోడ్ చేసే వాళ్లని చూశాను, దయచేసి ఆ పని చెయ్యొద్దు. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కునే టీ కప్పు ముట్టుకోండి.

ఎక్కడ కూర్చుని కాలుస్తారన్నది రెండో సంగతి. 10 మీటర్లంటే దాదాపు 33 అడుగులు. మా పెరట్లో అంత నేరు దూరం లేక మొదట ఇంటి పక్క సందులో కాల్చాను. రెండు వైపులా గోడలు, మధ్య నాలుగడుగుల దారి. చప్పుడు పిల్లనగ్రోవిలో దూరినట్టు దూరి వీధి చివర ఇస్త్రీ బండి దాకా వెళ్లింది. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైతే చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుందంటారు, సందులో ఆ లెక్క చెల్లదు. ఇప్పుడు వెనక సామాన్ల గదిలో, గుమ్మానికి మూడడుగులు లోపల కుర్చీ వేసుకుని, తెరిచిన తలుపులోంచి పెరటి మూలకి కాలుస్తాను. రైఫిల్ కొస గది దాటి బయటికి రాదు. గదిలో పాత పరుపులు, బియ్యం బస్తాలు, మడిచిన దుప్పట్లు ఉన్నాయి. చప్పుడు వాటిలోనే ఇంకిపోతుంది. ఖాళీ సిమెంటు గది అయితే మాత్రం మీ చెవులే అదిరిపోతాయి. ఎలాగైనా ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, కళ్లద్దాలు తప్పనిసరి.

పెట్టె నేల మీద ఉంటుంది, నేను కుర్చీలో. కాబట్టి రైఫిల్ ఎప్పుడూ కిందికే చూస్తుంది. గురి తప్పినా మట్టిలోకి పోవాలి, గోడ మీంచి పోకూడదు. పెట్టె వెనక నాలుగడుగుల ప్లైవుడ్ పలక కూడా నిలబెట్టాం. పెల్లెట్ అడ్డం లేకపోతే రెండు వందల మీటర్లు సునాయాసంగా దాటిపోతుంది. చప్పుడు తగ్గించేకొద్దీ ఒక చిక్కు కూడా పెరుగుతుందని నాకు ఆలస్యంగా తట్టింది. టపాకాయ పేలితే జనం తప్పుకుంటారు. ఇది వినపడదు కాబట్టి పక్కింటి కుర్రాడు బంతి కోసం గోడెక్కి దూకొచ్చు, పనమ్మాయి వెనక గేటు తోసుకుని రావొచ్చు. అందుకే కాల్చే ముందు వెనక గేటుకి గొళ్లెం, గోడ మీద కర్రకి ఎర్ర గుడ్డ. ఎర్ర గుడ్డ ఉంటే ఇటు తొంగి చూడొద్దని రెండు వైపుల ఇళ్లకీ చెప్పాను. అపార్ట్‌మెంట్లో, మేడ మీద ఇవేవీ కుదరవు. అక్కడ కాల్చకండి. ఎగ్మోర్‌లో చెన్నై రైఫిల్ క్లబ్ ఉంది, అలాంటి చోటికి వెళ్లండి.

నూనె కథ చెప్పకపోతే మా ఆయన ఊరుకుంటారు గానీ, నేను ఊరుకోను. వానాకాలంలో రైఫిల్ కొంచెం కిర్రుమంటోందని, నేను బజారుకెళ్లిన సమయంలో గాలి వచ్చే రంధ్రంలో కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు పోశారు. ఫ్యాక్టరీ మనిషి, కిర్రు వింటే చెయ్యి ఆగదు. నేను వచ్చాక ట్రిగ్గర్ నొక్కాను. 'ఢాం!' గదంతా నీలం పొగ, మాడిన వాసన. పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి లోపలి నూనె డీజిల్ ఇంజిన్లోలా అంటుకుంది. కొబ్బరిచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి. మామి పరిగెత్తుకొచ్చారు, గ్యాస్ సిలిండర్ అనుకుని. రైఫిల్‌ని మెకానిక్ దగ్గర విప్పించి తుడిపించి, కొత్త సీల్ వేయించాల్సి వచ్చింది. కొత్త రైఫిల్ కూడా మొదటి కొన్ని దెబ్బలకి ఇలా కొంచెం పొగ, మోత ఇస్తుంది. తర్వాత అదే సర్దుకుంటుంది. మీ అంతట మీరు ఆ రంధ్రంలో ఏ నూనే పోయకండి. పెల్లెట్ లేకుండా ఖాళీగా పేల్చడం కూడా వద్దు. మెత్తగా ఆపే గాలి లేక పిస్టన్ నేరుగా కొట్టుకుని చప్పుడూ పెరుగుతుంది, సీలూ పోతుంది.

సైలెన్సర్ పెట్టించుకోవచ్చా అని అడుగుతారు. వద్దు. తుపాకీల చప్పుడు తగ్గించే పరికరాల్ని 1959 ఆయుధాల చట్టం తుపాకీల్లోనే కలిపి చూస్తుంది. నాది ఎయిర్ గన్నే కదా అని స్టేషన్లో వాదిస్తూ కూర్చోవాలనుంటే మీ ఇష్టం. మన చప్పుడు ఎక్కువ భాగం పెట్టె దగ్గరే అని చెప్పాను కదా, ఆ సైలెన్సర్‌తో వచ్చేదీ లేదు. లైసెన్స్ అక్కర్లేదంటే ఎలాగైనా కాల్చొచ్చని కూడా అర్థం కాదు. ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఉంది. కొన్నప్పటి బిల్లు, ఇచ్చిన ఆధార్ కాపీ ఒక ఫైల్లో పెట్టుకోండి. రైఫిల్ వేరే బీరువాలో, పెల్లెట్లు వేరే బీరువాలో, తాళాలు మీ దగ్గర. పిట్టల జోలికి అసలు పోకండి. రామచిలకని కొడితే అది వన్యప్రాణి చట్టం కేసు.

శబ్ద కాలుష్యానికి 2000లో వచ్చిన నిబంధనల్లో ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని ఉంది. రాత్రంటే 10 నుంచి పొద్దున 6 దాకా. అది కాసేపటి సగటు లెక్క, మన ఒక్క 'బొద్దు'కి సరిపోదు. టైము పక్కింటివాళ్లనే అడిగి పెట్టుకోండి. నేను మొదట్లో తెలివిగా, అరక్కోణం వైపు లోకల్ రైలు వెళ్లేటప్పుడు ట్రిగ్గర్ నొక్కేదాన్ని. రైలు మోతలో కలిసిపోతుందని. దొంగతనంగా చేసే పనిలా అనిపించి మానేశాను, పైగా రైలు కోసం కాచుకుంటూ ఉంటే గురి కుదరదు.

నేరుగా మామి దగ్గరికే వెళ్లి అడిగాను, ఇప్పుడు చప్పుడు ఇబ్బందిగా ఉందా అని. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సత్తం ఒణ్ణుమిల్లె. కాక్కా వరలై" అన్నారు. చప్పుడేం లేదు, కాకి రావడం లేదు. ఆవిడ రోజూ వంట కాగానే మొదటి ముద్ద పిట్టగోడ మీద కాకికి పెట్టి, అది తిన్నాకే తాను తింటారు. నేను కాల్చేది సరిగ్గా పదకొండున్నరకి. ఆ నూనె రోజు నుంచి కాకులు ఆ గోడ మీద వాలడం మానేశాయి. ఆవిడ పన్నెండు, ఒంటి గంట దాకా అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు, నాతో ఒక్క మాట అనలేదు.

రెండు వారాలు రైఫిల్ బయటికి తియ్యలేదు. తర్వాత నా టైము సాయంత్రం నాలుగున్నరకి మార్చాను, ఆవిడ మధ్యాహ్నం కునుకు కూడా అయిపోయి ఉంటుంది. మెల్లిగా ఒక కాకి వచ్చింది, తర్వాత నాలుగు. ఇప్పుడు నేను కాల్చేటప్పుడు కూడా ఒకటి బావి గట్టు మీద, నా వెనక వైపు, తల వంచుకుని కూర్చుని చూస్తూ ఉంటుంది. మా ఆయన దాన్ని కొత్త మీటరు అంటారు.